నాన్న చావు రాయించిన కూతురు

కర్దనూర్ నుంచి

అన్నయ్యకు చెల్లెలు పెట్టే దణ్ణాలు. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదిన, పిల్లలు కులాసాయేనా? మేమిక్కడ బాగానే ఉన్నాం, బెంగపడొద్దు. ఫోనులో చెబితే అమ్మ పక్కనే కూర్చుని వింటుంది, అందుకే కాగితం మీద రాస్తున్నాను. చదివి దాచెయ్యి.

ఆయనకు పాశమైలారం ఫ్యాక్టరీలో ఫిట్టరు పని కుదురుకుంది. గాలి అటునుంచి వీస్తే మందుల వాసనకి తల పట్టేస్తుంది, కిటికీలు మూసుకుంటాం. జొన్నరొట్టె చేయడం నేర్చుకున్నాను, గుండ్రంగా మాత్రం రావడం లేదు. చేపల పులుసు లేక నాలుక చచ్చిపోయింది. పగలంతా మాట్లాడే మనిషి ఉండదు. ఇంటివాళ్ళ అమ్మాయిని వాళ్ళ నాన్న రోజూ బండి మీద బస్సు దాకా దింపుతాడు. చూస్తే నాకు కుళ్ళు. ఈ వయసులో ఏమిటిదని నవ్వకు. నువ్వు పదేళ్ళు నాన్న భుజాలెక్కి తిరిగావు, నాకు దక్కింది నాలుగేళ్ళే. నీ మీదా ఉంది నాకు ఆ కుళ్ళు.

సరే, నువ్వు చెప్పిన పని. వంశవృక్షం నాన్న దగ్గర ఆగిపోయిందన్నావు, తద్దినం పెట్టడానికి తిథి కూడా తెలియదన్నావు. ఇక్కడికి పని కోసం వచ్చిన నాన్న ఇక్కడే పోయాడని ఎవరో అనగా విన్నదే తప్ప మనకేం తెలుసు? పటాన్‌చెరులో చావుల రిజిస్టరు వెతికిస్తే దొరకలేదు. ఏ ఊళ్ళో పోతే ఆ ఊళ్ళోనే రాస్తారట. పెద్దాస్పత్రి అక్కడే కదా అని సంగారెడ్డిలో అర్జీ పెట్టాను. ఏడాది చెప్పమంటే, నాన్న ఉత్తరాలు ఆగిపోయిన ఏడాది నుంచి వరసగా వెతకమన్నాను. మూడోసారి వెళ్ళినప్పుడు గుమాస్తా రిజిస్టరు చూసి, నా కార్డులో పేరు చూసి విసుక్కున్నాడు.

"చావు రాయించింది నువ్వే గదమ్మా. మళ్ళ ఎన్నడు పోయిండని నన్నడుగుతవేంది?"

రిజిస్టరు నావైపు తిప్పాడు. నాన్న పేరు, మన ఇంటిపేరు. సమాచారం ఇచ్చినవారు: కూతురు, సీతారావమ్మ. పేరు నాదే, రాయించింది నేను కాదు.

అన్నయ్యా, నాన్నకు ఇక్కడ ఇంకో సంసారం ఉందని కాదు నాకు మండింది. నాకు నానమ్మ పేరు పెట్టారు. అత్తగారి పేరు పలకకూడదని అమ్మ నన్ను చిట్టి అంది, మీరంతా చిట్టి అనే అన్నారు. నోరారా సీతారావమ్మా అని పిలిచింది నాన్నొక్కడే. అదొక్కటే నాకు మిగిల్చి వెళ్ళాడనుకున్నాను. అదీ ఇంకొకరికి ఇచ్చేశాడు. రెండు రోజులు అన్నం సయించలేదు.

రిజిస్టరు నకలు మీదున్న చిరునామాకి పోట్లాడదామనే వెళ్ళాను. ఆ సీతారావమ్మ పాత జైలు దగ్గర సందులో బట్టలు కుడుతోంది. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది, అచ్చం నాన్న ముక్కు. వాళ్ళమ్మ ఇప్పుడు లేదు. నేనెవరో చెప్పగానే మిషను ఆపి, కుర్చీ తుడిచి వేసింది. ఆస్పత్రిలో చివరి నెల్లాళ్ళూ నాన్నను తనే చూసుకుందట. వింటుంటే ఇంకా ఉడికిపోయాను. మంచినీళ్ళు తాగించిన ఆ చెయ్యి నాది కావలసింది. నా పేరు నీకెందుకని సిగ్గు విడిచి అడిగేశాను.

"పెట్టుడైతే పెట్టిండు గని అక్కా, ఒక్కనాడు గా పేరుతోని పిలువలే. చిన్నమ్మీ అనెటోడు. ఎందుకు నాయినా అంటే, గా పేరుతోని పిలిస్తే ఊళ్ళె ఉన్న పిల్ల పలుకుతది అనెటోడు. నిన్ను సూడకముందు నుంచే నువ్వంటె నాకు కుళ్ళు."

ఆమె పెట్టిన టీ తాగి వచ్చేశాను. నా కుళ్ళు పోయిందని అబద్ధమాడను, సగం అలాగే ఉంది.

నకలు ఇందులో పెట్టాను, పంతులుగారిచేత తిథి చూపించు. అమ్మకు ఎప్పుడు చెప్పాలో నువ్వే ఆలోచించు. వంశవృక్షంలో నాన్న కింద మూడో గీత గీస్తే మనకంటే చిన్నదిగా గియ్యి. గోంగూర పచ్చడి, ఎండురొయ్యలు పంపేటప్పుడు నానమ్మ ఫొటో కూడా పెట్టు. రెండు కాపీలు తీయించు.

అమ్మకు, పెద్దవాళ్ళందరికీ నా దణ్ణాలు. నన్ను దీవించమను.

నీ చెల్లెలు,
పెద్ద సీతారావమ్మ