మామూలుగా బతకండి, అత్తయ్యా!

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కలిపి మీ ఆఫీసు ప్రణాళిక వేస్తోందనీ, మన ఊరికి పొద్దుటి బస్సు వచ్చే వీలుందనీ, రోడ్డు పరిశీలనకి మనిషి వస్తున్నాడనీ రాశావు కదా. ఊరి పెద్దగా నా పని నేను చేశాను. రోడ్డు ఊడిపించి, నీళ్ళు చల్లించి, సాయంత్రం దాకా ఒక్కరూ గడప దాటకూడదని కట్టడి చేశాను. రోడ్డు అద్దంలా ఉంది. వచ్చినాయన, పాపం, పనేమీ లేక గొడుగు కింద కునుకు తీశాడు.

బస్సు తొందరగా పంపించు. నా మనవరాలు చీకటితోనే లేచి హైస్కూలుకి నడిచి పోతోంది. వచ్చే సెలవుల తర్వాత చదువు మాన్పిస్తానని కోడలు తేల్చేసింది. పిల్ల ముఖం చూడలేకపోతున్నాను.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: కుక్కల్ని కూడా కట్టేయించాను. ఒకటి తప్పించుకుంది. ఏమనుకోవద్దని ఆయనతో చెప్పు.

•

పూజ్యులైన అత్తయ్యకి,

నమస్కారాలు. ఎంత పని చేశారు! ఆయన వచ్చింది రోడ్డు మీద ఎంతమంది తిరుగుతారో లెక్కపెట్టడానికి. రిపోర్టులో "కుక్క ఒకటి" అని రాశాడు. జనసంచారం లేదు కాబట్టి పటంలో మీ ఊరికి ఆకుపచ్చ రంగు వేసేశారు. అంటే అడవి. కాళ్ళావేళ్ళా పడి మళ్ళీ లెక్క వేయిస్తున్నాను. ఈసారి జనం కనిపించాలి.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: బస్సు బదులు రెండు జింకలు మంజూరయ్యేలా ఉన్నాయి.

•

చిరంజీవి మేనల్లుడికి,

దీవెనలు. ఈసారి నీ పరువు నిలబెట్టాం. మంచాన పడ్డవాళ్ళని తప్ప అందరినీ రోడ్డెక్కించాను. ఆ చివరిదాకా వెళ్ళడం, ఇళ్ళ వెనకనుంచి తిరిగి రావడం, మళ్ళీ నడవడం. దర్జీ చుట్టుకో చొక్కా మార్చాడు, అన్నీ ఊళ్ళోవాళ్ళు కుట్టడానికి ఇచ్చినవే. లెక్కపెట్టే ఆయనకి పెన్నులో సిరా అయిపోతే మనమే ఇంకోటి ఇచ్చాం.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: కొత్త మనిషిలా కనిపించాలని వడ్రంగి మధ్యలో మీసం తీయించుకున్నాడు. వాళ్ళావిడ ఇంకా తలుపు తీయలేదు.

•

అత్తయ్యకి నమస్కారాలు.

కొంప ముంచారు! లెక్క ప్రకారం మీ ఊరు మా నగరం కన్నా రద్దీ. ఇంత రద్దీకి బస్సు ఏం చాలుతుందని ఆరు వరసల రోడ్డు గీశారు. అది సరిగ్గా మీ వంటింట్లోంచి పోతుంది. ఇక లాభం లేదని పెద్దాఫీసరుకి జరిగింది చెప్పేశాను. ఆయన నవ్వలేదు. స్వయంగా వస్తున్నారు. కారు మీ దారిలో దిగబడుతుందని పాలవ్యానులో వచ్చి, గంటలో అదే వ్యానులో వెనక్కి వస్తారు. మీకు పుణ్యం ఉంటుంది, ఆ ఒక్కరోజు మామూలుగా బతకండి.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: వడ్రంగిని ఇంట్లోనే ఉండమనండి, తలుపు తీసి ఉంటే.

•

అత్తయ్యకి నమస్కారాలు.

జవాబు లేదేమిటి? మా ఆఫీసరు మీ ఊరొచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఒంటి బూటుతో ఆఫీసుకొచ్చారు! వ్యాను చెడిపోయిందట, రాత్రి మీ ఇంట్లోనే పడుకున్నారట. తెల్లవారకముందే మన పిల్లా దాని స్నేహితురాళ్ళూ బడికి బయలుదేరితే, వేరే దారి లేక వాళ్ళ వెంట నడిచారట. రెండో బూటు వాగులో పోయింది. మన పిల్ల ఆయన సంచీ మోస్తూ దారంతా లెక్కల్లో సందేహాలు అడిగిందట.

రాగానే అందరినీ పిలిచి కేకలేశారు. "నడిచేవాళ్ళని లెక్కపెట్టారు సరే, నడవలేక చదువు మానేసినవాళ్ళని ఎవరయ్యా లెక్కపెట్టింది?" అన్నారు. బడి తెరిచే రోజునుంచే బస్సు, అత్తయ్యా! పక్కనున్న పల్లెల్ని కూడా కలుపుకుని వెళ్తుంది. బండి లేక ఇన్నాళ్ళూ మీ ఊరికి రాలేకపోయిన ఆస్పత్రి నర్సమ్మ కూడా అందులోనే వస్తుంది. ఆర్డరు చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: వ్యానుకి ఏమైందో కనుక్కోమన్నారు. మెకానిక్‌ని పంపుతారట.

•

చిరంజీవి మేనల్లుడికి,

దీవెనలు. నీ ఉత్తరం ఊరందరికీ చదివి వినిపించి, మధ్యలో ఏడ్చేశాను. కోడలు వెంటనే వెళ్ళి మనవరాలికి కొత్త పుస్తకాల సంచీ కుట్టమని దర్జీకి చెప్పొచ్చింది. మామూలుగా బతకమన్నావు, అలాగే బతికాం. మాకు మామూలంటే, వెళ్ళాల్సినప్పుడు బండి లేకపోవడమే. అదేమిటో ఆయనకీ తెలియాలి కదా.

ఆయన బూటు దొరికింది. మీ రిపోర్టుకెక్కిన కుక్కే నోట కరుచుకొచ్చింది. మొదటి బస్సులో పంపిస్తాను.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: మెకానిక్ వద్దు. వ్యానుకి ఏ జబ్బూ లేదు. తాళంచెవి ఆ రాత్రంతా నా దిండు కిందే ఉంది.