హెల్ముట్ పిస్టల్‌లో నా కొక్కెం

ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్‌లో తుపాకుల మరమ్మతు కొట్టు నడుపుతున్న నోట్‌బుర్గా ఓగ్రిస్ అనే నేను, పూర్తి తెలివిడితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న ఆఖరి మాట ఇది. దీన్ని అమలు చేసే బాధ్యత నగిషీ పనివాడు లోయిస్ చెర్నిట్స్‌కు అప్పగిస్తున్నాను.

1. కొట్టు, దానిపై రెండు గదులు నా కూతురు గెర్లిండ్‌కు. ఆమె ఒక్కదానికే. ఆమె భర్త హెల్ముట్‌కు వీటిలో ఏ హక్కూ లేదు. తాళం మార్పించాను. కట్టెలు కొట్టించి పెట్టాను.

2. ఆకురాళ్లన్నీ పక్కింటి కాస్పర్‌కు. నేను కొట్టు తెరిచిన రోజున "ఆడది పట్టిన ఆకురాయి గోళ్లకే పనికొస్తుంది" అన్న పెద్దమనిషి. తర్వాత తన తుపాకీ నా దగ్గరికే తెచ్చుకున్నాడు. ఇప్పుడు తీరిగ్గా గోళ్లు అరగదీసుకోమనండి.

3. ఈస్టర్ కేకు పోసే రాగి గిన్నె కూడా గెర్లిండ్‌కే. దాల్చినచెక్క పొదుపుగా వేస్తుంది పిచ్చిపిల్ల.

4. ఇక అసలు సంగతి. క్రిస్మస్ ముందు హెల్ముట్ తన పిస్టల్ తెచ్చి ట్రిగ్గర్ తేలిక చేయమన్నాడు. గురి పోటీల్లో ముందుగా ట్రిగ్గర్‌కు కిలో బరువు వేలాడదీసి పిస్టల్ పైకెత్తుతారు. ఆ బరువుకే గుండును పేల్చే లోపలి సుత్తి పడిందా, పోటీకి పనికిరాదు. వీడు అందులో సగం చాలన్నాడు.

"అలాగైతే పోటీకి రానివ్వరు నాయనా" అన్నాను.

"పోటీ ఎవరిక్కావాలి అత్తయ్యా? ఇలా తాకితే అలా పేలాలంతే. గెర్లిండ్‌తో మాత్రం అనకండి" అని నవ్వాడు.

ఇంటినిండా వేట తుపాకులున్నవాడికి ఇదెందుకు? చేయి తగిలి పేలిపోయిందని చెప్పుకోవడానికి. ఆ వారమే గెర్లిండ్ మెడకు శాలువా చుట్టుకుని చర్చికొచ్చింది. తీయమంటే తీయలేదు. ఠాణాకెళ్లి చెప్పాను. "మీ అల్లుడు మాతో వేటకొస్తాడమ్మా, బంగారంలాంటి మనిషి" అని కాఫీ ఇచ్చి పంపారు. నాకు భయంగా ఉంది.

5. పిస్టల్ వాడిది, నేను ఎవరికీ రాసివ్వలేను. కానీ లోపల సుత్తిని ఆపి ఉంచే గోరంత కొక్కెం నా ఉక్కుతో నేను చేసింది. పాతది వాడే పారేయించాడు. మా ఊరి పద్ధతి అందరికీ తెలుసు: పని చేయించుకున్నవాడు కొట్టు వెనక మొదటి గుండు పేల్చి, బాగుంది అనేదాకా చేసిన ముక్క పనివాళ్లదే. వాడింకా పేల్చలేదు. ఆ కొక్కెం గెర్లిండ్‌కు రాస్తున్నాను. విప్పి లోయిస్‌కు ఇచ్చాను. లోయిస్, హెల్ముట్ ఎంత బతిమాలినా, బెదిరించినా ఇవ్వకు. అది లేని పిస్టల్ మేకులు కొట్టుకోవడానికే.

6. ఎల్లుండి శనివారం మొదటి గుండు పేల్చడానికి వస్తున్నాడు. కొక్కెం ఇవ్వనని మొహం మీదే చెప్పబోతున్నాను. తర్వాత నాకేమైనా అయితే, ముసలామె తుపాకీ తుడుస్తుంటే పేలిందని ఠాణాలో రాసుకుంటారు. గుండున్న తుపాకీని నేను ఏనాడూ తుడవలేదు. మీరు నా శవం దగ్గర కూర్చోవద్దు. ముందు వెళ్లి పిల్లను ఆ ఇంట్లోంచి తీసుకురండి.

1986 ఫిబ్రవరి 6, గురువారం.

(సంతకం) నోట్‌బుర్గా ఓగ్రిస్

మా ఎదుట చదివి, సంతకం చేసింది. సాక్షులు:
ఫ్లోరియాన్ వీజర్, రొట్టెల కొట్టు
తెక్లా మోసర్, మంత్రసాని
ఆంటన్ యురిట్ష్, తుపాకీ గొట్టాల పనివాడు