అన్నయ్యకి వచ్చే ఫోన్లు

మార్చి 4
అన్నయ్య ఫోన్ పొద్దుట్నుంచి మోగుతూనే ఉంది. లోన్ కావాలా, ప్లాట్ కావాలా, క్రెడిట్ కార్డు కావాలా. పక్షవాతం వచ్చి కర్ర పట్టుకుని నడిచే మనిషికి జిమ్ మెంబర్‌షిప్ కూడా ఇస్తారట! ఒళ్ళు మండిపోయింది.

స్పామ్ ఆపే యాప్ ఒకటి ఇన్‌స్టాల్ చేశాను. తెలియని నంబర్లన్నీ బ్లాక్. అన్నయ్య ఏదో అనబోయి, నోరు మూసుకుని, గోడవైపు తిరిగాడు.

మార్చి 6
ఇల్లు ప్రశాంతంగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

మార్చి 11
ఇంటికొచ్చే స్పీచ్ థెరపిస్ట్ మొహం చిన్నబోయింది. పోయినసారి చిన్న చిన్న వాక్యాలు చెప్పిన మనిషి ఇవాళ ఒక్కో మాటకీ తడుముకున్నాడట. రోజూ మాట్లాడకపోతే వచ్చిన మాట కూడా పోతుందని గట్టిగా చెప్పింది. ఇంట్లో ఎవరితో మాట్లాడుతున్నాడని అడిగింది.

నాతో మాత్రం కాదు. జబ్బు చేసినప్పటి నుంచీ నా ముందు పెదవి విప్పలేదు. ఏం కావాలన్నా పలక మీద ఎడమచేత్తో రాస్తాడు. అన్నయ్య రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్. ప్లాట్‌ఫామ్ మీద ఎంత గోల ఉన్నా ఆ గొంతు వినపడగానే జనం ఆగి వినేవారు. ఆ గొంతు ఇక తిరిగి రాదేమోనని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మార్చి 13
అన్నయ్య మాటిమాటికీ ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. చార్జింగ్ ఉందా, సిగ్నల్ ఉందా అని. ఎవరి కోసమా అని కాల్ లిస్ట్ తెరిచాను. నేను డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్‌లో ఉండే వేళల్లో, అన్నీ తెలియని నంబర్లు. మిస్డ్ కాల్స్ కావు, ఎత్తి మాట్లాడినవి. లోన్ వాళ్ళతో అంతంత సేపు ఏం మాట్లాడతాడు? యాప్ పెట్టిన రోజు నుంచి ఒక్కటీ లేదు.

ఎందుకన్నయ్యా అని అడిగాను. పలక అందుకున్నాడు.

"వాళ్ళకి నా పాత గొంతు తెలియదు."

నా చేతులారా ఎంత పని చేశాను!

యాప్ తీసేశాను. అంతటితో ఊరుకోలేదు. మాడ్యులర్ కిచెన్, విల్లాలు, ఇంగ్లిష్ కోచింగ్... కనపడ్డ ప్రతి వెబ్‌సైట్‌లోనూ అన్నయ్య నంబర్ ఇచ్చాను. అన్నయ్య చూసి నవ్వాడు. మూతి ఒక పక్కకే వెళ్ళింది, అయినా నవ్వే.

మార్చి 14
పొద్దున్నే మోగింది. ఫోన్‌కి దణ్ణం పెట్టాలనిపించింది.

మార్చి 18
మధ్యాహ్నం త్వరగా వచ్చేశాను. తలుపు తీయబోయి ఆగిపోయాను. లోపల అన్నయ్య మాట్లాడుతున్నాడు. స్పీకర్‌లో ఇన్సూరెన్స్ అమ్మాయి. ఆ పాలసీ తన వయసుకి వర్తిస్తుందా అని అడగడానికి నానా తంటాలు పడుతున్నాడు. మాట చిక్కుకుంటోంది, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. నేనైతే అందించేసేదాన్ని. ఆ అమ్మాయి అందించలేదు.

"పర్లేదు సర్, నిదానంగా చెప్పండి. నేను లైన్లోనే ఉంటాను."

అన్నయ్య వాక్యం పూర్తి చేశాడు. నేను చెప్పులు విడవకుండా అక్కడే నిలబడిపోయాను.

ఈయన పాలసీ తీసుకోడని ఆ పిల్లకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పేరేమిటో, ఎక్కడ కూర్చుని మాట్లాడుతోందో నాకు తెలియదు. ఇలాంటి వాళ్ళని ఎన్నిసార్లు కసిరి ఫోన్ పెట్టేశానో. చల్లగా ఉండాలి తల్లీ. నీ టార్గెట్ పూర్తవ్వాలి.

మార్చి 19
క్లినిక్‌లో నాకూ ఒక లోన్ కాల్. వద్దు బాబూ, చాలా థాంక్స్ అన్నాను. అతను కంగారుపడి తనే పెట్టేశాడు.

మార్చి 25
క్లినిక్‌లో ఉండగా తెలియని నంబర్. ఎత్తాను. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మే... డమ్, ఒక్క నిమిషం... మాట్లాడవచ్చా?"

థెరపిస్ట్‌ని అడిగి ఆవిడ ఫోన్ తీసుకున్నాడట. అది తర్వాత తెలిసింది. గొంతు మాత్రం వెంటనే తెలిసింది.

నిదానంగా చెప్పన్నయ్యా, లైన్లోనే ఉంటాను అన్నాను.