నలభై అడుగుల రాట

ఫిబ్రవరి 3, సోమవారం

పునాది కాంక్రీటు గట్టిపడింది. గురువారం టవర్ నిలబెడతాం. ఇంటి పక్క ఖాళీ స్థలంలో, నలభై అడుగులు, పైన యాంటెనా. హ్యామ్ రేడియో లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ డాబా మీద వెదురుకర్రకి తీగ కట్టుకుని, ఎవరెవరో మాట్లాడుకుంటుంటే విన్నాను. ఇక నేనే మాట్లాడతాను. నాన్న ఒప్పుకున్నారు గానీ ఒక షరతు. నలుగురూ నవ్వేలా ఉంటే తీయించేస్తారట. నవ్వడానికేముంది ఇందులో?

ఫిబ్రవరి 6, గురువారం

నిలబడింది!

పొద్దున్నే వెల్డింగ్ షాపు వీరబ్రహ్మం గారు మనుషుల్ని తెచ్చారు. లేపబోతుంటే అమ్మ ఆగమంది. ఇంటి దగ్గర ఏదైనా పాతితే ఉత్తినే పాతకూడదట. నేను టవర్ ఒరగకుండా పట్టి ఉంచే స్టే వైర్లు ఎక్కడ బిగించాలో చూపించి వచ్చేసరికి టవర్‌కి పసుపు పూసి, బొట్లు పెట్టి, మామిడాకులూ నవధాన్యాల మూటా కట్టేసింది. కొబ్బరికాయ కూడా కొట్టేసింది. నా స్కూటీకి నిమ్మకాయలు కట్టిన మనిషి, దీన్ని వదులుతుందా?

తాళ్లు లాగి లేపారు. నిటారుగా నిలిచాక వీధిలోవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎదురింటి సూర్యకళ గారైతే అమ్మ చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఒక టవర్‌కి ఇంత సంతోషమా అనుకున్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

క్యాటరింగ్ తాతాజీ వచ్చి ఎన్ని విస్తళ్లండి అని అడిగాడు. అమ్మకి అర్థం కాలేదు. భలేవారండీ, రాట వేసేసి కూడా దాస్తారేంటండీ, మన ఫణిశ్రీ గారి పెళ్లి వంట నేనే చెయ్యాలండి అన్నాడు.

పెళ్లి పందిరికి మొదట పాతే రాట! పసుపు, మామిడాకులు, నవధాన్యాలు. అచ్చం అదే. పైగా మాఘమాసం. ముప్ఫై ఎనిమిదేళ్లకి ఫణిశ్రీకి పెళ్లి కుదిరిందని పిఠాపురం అంతటికీ తెలిసింది, నాకు తప్ప.

నవ్వలేక చచ్చాను. నాన్న మాత్రం నవ్వలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

కాకినాడలో నేను పనిచేసే కాలేజీ స్టాఫ్ కూడా స్వీట్లు అడిగారు. ఈ కబురు అక్కడికి ఎవరు మోశారో!

రాజమండ్రి పెద్దమ్మ ఫోన్ చేసి, సొంత అక్కని, నాకు ఆఖర్న తెలియాలిటే అని అమ్మని కడిగిపారేసింది. అబ్బే, అది ఉత్త ఇనుమే అక్కయ్యా అని అమ్మ తడబడింది. ఓహో, అబ్బాయిది ఐరన్ బిజినెస్సా, మంచిదే, ఎప్పుడూ డిమాండు ఉంటుంది అందట పెద్దమ్మ.

ఫిబ్రవరి 11, మంగళవారం

నాన్న వీధిలోకి వెళ్లడం మానేశారు. ఇవాళ తేల్చి చెప్పేశారు, ఆదివారం టవర్ తీయించేస్తారట. ఇన్నాళ్లూ నీకు పెళ్లికాలేదని ఊళ్లోవాళ్లు జాలిపడ్డారు, ఇప్పుడు అసలు సంగతి తెలిసి ఇనుపస్తంభాన్ని కట్టుకుందని నవ్వుతున్నారు, నా వల్ల కాదమ్మా అన్నారు.

ఏడుపొచ్చింది. కోపం కూడా. పెళ్లి వద్దని పదేళ్ల కిందటే చెప్పాను. టవర్ కావాలని అంతకంటే గట్టిగా చెప్పాను. యాంటెనా కేబుల్‌ని రేడియోకి కలిపే కనెక్టర్ రాలేదు, ఇంకా ఒక్క మాటైనా మాట్లాడలేదు. మాట్లాడకుండానే పీకేస్తారా?

ఫిబ్రవరి 15, శనివారం

కనెక్టర్ వచ్చింది. ఏం లాభం?

ఫిబ్రవరి 16, ఆదివారం

వీరబ్రహ్మం గారు తాళ్లు పట్టుకుని వచ్చారు. నాన్న మొహం తిప్పుకుని వరండాలో నిలబడ్డారు. ఇంతలో అమ్మ వంట సగంలో వదిలేసి వచ్చి, టవర్ మొదట్లో పీట వేసుకుని కూర్చుంది. వేసిన రాట పెళ్లి కాకుండా తీస్తే అరిష్టం, ఎవరు తీస్తారో తీయండి చూస్తాను అంది.

అది రాట కాదే హైమా అన్నారు నాన్న. పసుపు రాసి దణ్ణం పెట్టాను, రాటే అంది అమ్మ. వీరబ్రహ్మం గారు తల గోక్కుని, అమ్మగారు అన్నదీ నిజమేనండి, మేం ముట్టుకోమండి అని తాళ్లు చుట్టేసుకుని వెళ్లిపోయారు.

మరి దాని పెళ్లెప్పుడే అని నాన్న అరిచారు. అమ్మ తాపీగా, అది చేసుకోనంటోంది కదండీ, అంచేత ఇది ఎప్పటికీ తీయక్కర్లేదు అంది.

పదేళ్లుగా నేను చెబుతున్న మాట! అమ్మ నోట వినడం ఇదే మొదలు. పరుగెత్తి వెళ్లాను. మడిలో ఉన్నానే, ముట్టుకోకు అంది. ముట్టుకున్నాను. గట్టిగా.

అదే రోజు, సాయంత్రం

కనెక్టర్ బిగించి, ఎవరైనా ఉన్నారా అని రేడియోలో పిలిచాను. శ్రీలంక నుంచి ఒకాయన పలికాడు! పేరడిగాడు. చెప్పాను.

వెనకనుంచి నాన్న, ఊరు పేరు కూడా చెప్పు అన్నారు.