ముద్ర నా దగ్గరే ఉంది

షీహోపు,
8 డిసెంబరు 1996.

చిరంజీవి యూన్‌పిన్‌కు నీ పెదనాన్న హావ్ మాన్‌త్సాంగ్ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నా రాత అసలే వంకర, పైగా చలికి వేళ్లు వంగడం లేదు. ఊరి బడిలో నేర్చిన నాలుగు ముక్కలే నాకున్నవి. తప్పులు నువ్వే దిద్దుకుని చదువుకో తల్లీ.

పెదనాన్న ఫ్యాక్టరీ ముద్ర ఎత్తుకుపోయాడని షాంఘైలో నీ దాకా కబురు వచ్చే ఉంటుంది. నిజమే. నా దగ్గరే ఉంది. ఇవ్వను.

కిందటేడు విదేశీ కంపెనీ మన వెనిగర్ ఫ్యాక్టరీతో పొత్తు కలిసినప్పుడు, మన సరుకును దేశదేశాలా అమ్ముతామన్నారు. డైరెక్టరు గనుక మీ నాన్న సంతకం పెట్టాడు. ఊరిని అమ్ముకున్నావని నువ్వు ఆయన్ను తిట్టి, మాటలు మానేసి వెళ్లిపోయావు. నువ్వు భయపడ్డట్టే అయింది. మొన్న ఇంకో కాగితం తెచ్చారు. మన పేరుతో వెనిగర్ ఇక చేయకూడదట. పెరట్లో జాడీలన్నీ తీసేసి, అక్కడ వాళ్ల టమాటా సాసు సీసాలకు పట్టే యంత్రాలు పెడతారట.

ఆ పొద్దున నేను ఎప్పటిలాగే జాడీల్లో వెనిగర్ మీద కట్టిన మంచుగడ్డలు తీసి పారేస్తున్నాను. ఆ కంపెనీ పెద్దముక్కు దొర వచ్చి చూశాడు. "మూతలు పెట్టుకుంటే ఈ మంచు తీసే చాకిరీ ఉండదు కదా అంటున్నారు తాతా" అంది దుబాసీ పిల్ల. "నీళ్లు మంచై పోతేనేనమ్మా వెనిగర్ చిక్కబడేది. మీ దొరకు ముక్కు అంత పొడుగుంది కదా, వంగి ఒకసారి వాసన చూడమను" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నేను అలా మాట్లాడే మనిషిని కాను. నాకే ఆశ్చర్యం వేసింది.

తర్వాత పనివాళ్లందరినీ కూర్చోబెట్టిన మీటింగులో దొర ఆ కాగితం మీద సంతకం పెట్టి, పనైపోయిందనుకుని కోటు తొడుక్కున్నాడు. మీ నాన్నా పెట్టాడు. ఎన్ని సంతకాలున్నా ఎర్రముద్ర పడందే మన దగ్గర అది చిత్తుకాగితమేనని దొరకు తెలియదు పాపం. ముద్ర కోసం పెట్టె తెరిస్తే ఖాళీ. నేను లేచి, నా దగ్గరుందన్నాను.

మీ నాన్న బల్ల గుద్దాడు. "దొంగ ముసలాడా! పుట్టి బుద్ధెరిగి నోరెత్తనివాడివి, నా పరువు తీయడానికి ఇవాళ లేచిందా నీ నోరు? తీయి ముద్ర!" అని అరిచాడు.

"తీయనురా. జైల్లో పెట్టించుకో. అక్కడ నూడుల్స్‌లోకీ మన వెనిగరే పోస్తారు" అన్నాను.

జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు, ముద్ర పోయిందని పేపర్లో వేయించి కొత్తది చెక్కించమన్నాడు. "పోతే కదయ్యా! ఇంతమంది ముందు నా దగ్గరుందని మొత్తుకుంటున్నాను. పోయిందని అబద్ధం ఎవరు రాస్తారో రాయండి" అన్నాను. రాయాల్సింది డైరెక్టరు. మీ నాన్న పెన్ను తీశాడు. సిరా లేదని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లంతా జాడీల మధ్య ముక్కాలిపీటలు వేసుకుని కూర్చున్నారు. ఎవడైనా వచ్చి జాడీ మీద చెయ్యి వెయ్యమను, చూస్తామంటున్నారు. రేపు పోలీసులు నా కోసం వస్తారట. రానీ. దుప్పటి చుట్టి పెట్టుకున్నాను. ముద్ర ఎక్కడ దాచానో నా నోట రాదు.

ఇట్లు,
నీ పెదనాన్న,
మాన్‌త్సాంగ్.

తా.క. ఇది చదివాక చించెయ్. ముద్ర తెచ్చి నా చేతిలో పెట్టింది మీ నాన్నే. "అన్నా, పై వాళ్లకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. నేను ఎంత తిట్టినా ఇవ్వకు. కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు" అన్నాడు. నీకు చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. దొంగ అనే మాట నేను హాయిగా మోస్తాను. అమ్ముకున్నాడనే మాట నీ నోటి నుంచి పడి, వాడు మోయలేకపోతున్నాడు. అందుకని వెంటనే ఒక ఉత్తరం రాయి తల్లీ, వాడి పేరున. ముద్ర ఊసెత్తకు. నాన్నా అని మొదలుపెట్టు, చాలు.