పడవను పక్కకు వాల్చిన వారం

మే 2

వర్షం. పడవకు పూసిన తారు ఆరలేదు.

మ్యూజియం నుంచి కాగితం వచ్చింది. చదివేసరికి కాఫీ చల్లారిపోయింది. సంగతి ఇది. వచ్చే శరత్తులో ఆరుగురికి పడవ కట్టడం నేర్పిస్తారట. చూసి కట్టడానికి మాదిరి పడవ ఒకటి కావాలి. ఎవరి పడవ నచ్చితే వాళ్లే గురువు. ఫొటోలు తీసి ఫోన్‌లోంచే ఇంటర్నెట్ ఫారంలో పెట్టాలి. మే పదిహేను దాటకూడదు.

నాకు డెబ్బై తొమ్మిది. నా పడవలకు కాగితం మీద గీత లేదు. చెక్క పలకను ఎంత వంచాలో నా అరచేతికి తెలుసు, అంతే. నేను పోతే ఆ వంపూ పోతుంది. నాకున్న బాధ అదొక్కటే. మోకాళ్ల సంగతి వేరు.

అవతలి ఒడ్డున పడవలు కట్టే షూర్ కూడా ఫొటోలు పంపుతున్నాడట. వాడి పడవలు నీళ్లలో పంది ఈదినట్టు ఈదుతాయి.

మే 4

ఫొటోలు తీశాను. షెడ్డు ఇరుకు. పడవ పక్కన నిలబడే చోటు లేదు. పడవ ముక్కుకు ఎదురుగా నిలబడి, ఫోన్ నిలువుగా పట్టుకుని తీశాను. ఫోన్‌లో పడవ మహారాణిలా ఉంది. ఫారంలో పెట్టాను. పక్కకు పడిపోయింది. ముక్కు ఎడమకు, అడుగు కుడికి.

ఫోన్‌లో మళ్లీ చూశాను. నిటారుగానే ఉంది. ఫారంలో చూశాను. పడుకుంది.

మే 5

నా చెయ్యి వంకర పోయిందేమోనని అనుమానం వచ్చింది. నా చెయ్యి! ఫోన్‌ను రసమట్టానికి కట్టాను. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచాకే నొక్కాను.

మళ్లీ పడుకుంది.

మే 6

రేవు దగ్గర షూర్ కనబడ్డాడు. ఫొటోలు తీయడానికి పట్నం నుంచి మనిషిని పిలిపించాడట. ఏం హాల్వార్డ్, ఫోన్ ఏ చెవికి పెట్టుకోవాలో తెలిసిందా ఇంకా లేదా అన్నాడు. చెవులున్నవాడికి ఆ బాధ, నీకెందుకు అన్నాను. ఇంటికొచ్చాక ఇంతకంటే మంచి జవాబు తట్టింది. ఇక్కడ రాయను.

మే 8

తేల్చేశాను. అది నా పడవను ఎడమకు పడుకోబెడుతుంటే, నేనే ముందు కుడికి పడుకోబెడతాను. అప్పుడు నిలబడక చస్తుందా.

బరువులెత్తే గొలుసు కప్పీ తగిలించాను. కింద గొర్రె తోళ్లు పరిచాను. తొందరలో మొదట ఎడమకే వాల్చాను. ఫారంలో పడవ తలకిందులైంది. మళ్లీ ఎత్తి కుడికి వాల్చాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఫొటో తీసి ఫారంలో పెట్టాను.

నిలబడింది! నిటారుగా, ముక్కు పైకి. వెనక షెడ్డు కిటికీ ఒరిగి ఉంది గానీ కిటికీ ఎవడిక్కావాలి. నాలుగు ఫొటోలు పంపేశాను.

మే 9

నడుము పట్టేసింది. పడవ పడుకునే ఉంది. నేనూ.

మే 11

వదిన వచ్చింది. మా అన్న పోయి పదేళ్లైనా బోర్గిల్డ్ వదిన నన్ను తిట్టడానికి వారానికోసారి వస్తుంది. చర్చి పత్రికలో ఫొటోలు పెట్టేది ఆవిడే. షెడ్డులోకి చూసి, పడవకు ఏమొచ్చింది మరిదీ, జ్వరమా అంది. చెప్పాల్సి వచ్చింది. గుమ్మం పట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వు ఆగేలోపు నేను రెండుసార్లు కాఫీ పోసుకున్నాను.

తర్వాత చెప్పింది. ఫోన్ నిలువుగా పట్టుకుంటే అది బొమ్మను తిప్పదట. అడ్డంగానే దాచుకుని, ఇటువైపు పైకి అని ఒక చీటీ రాసి లోపల పెడుతుందట. నా ఫోన్ ఆ చీటీ చదివి నిలబెట్టి చూపిస్తుంది. ఆ ఫారం చదవదు, దానికి చీటీ అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు పడేస్తుంది.

ఇది నాకు వెంటనే అర్థమైంది. చేపల పెట్టె మీద బాణం గుర్తు ఉంటుంది. మోసేవాడు చూస్తే సరి. చూడకపోతే చేపలు తలకిందులు. పెట్టె తప్పూ కాదు, చేప తప్పూ కాదు.

నా తప్పూ కాదు అన్నాను.

నీదే అంది. ఫొటో నొక్కే మీట కుడిచేతి కిందికి వచ్చేలా ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటే చీటీతో పనే లేదు కదా, అంత పడవను పడుకోబెట్టే బదులు అరచేతిలో ఫోన్‌ను పడుకోబెడితే పోయేది కదా మరిదీ అంది.

నడుము నొప్పిగా ఉందని చెప్పాను.

మే 12

మ్యూజియం అమ్మాయి ఇంగున్ ఫోన్ చేసింది. ఆమె ఆఫీసు కంప్యూటర్ వేరేదట. చీటీ చదివే రకం. అంటే అక్కడ నా షెడ్డు నిటారుగా ఉంది. పడవ ఒక్కటే తోళ్ల మీద పడి ఉంది.

పెద్దాయనా, పడవ పడిపోయిందా, మీకు దెబ్బేమీ తగల్లేదు కదా అని కంగారు పడింది. కావాలనే వాల్చాను అన్నాను. ఎందుకండీ అంది. వచ్చి చూడు అన్నాను. నోరు ముందు పరిగెత్తింది. రేపు ఫెర్రీలో వస్తుందట.

ఈ నడుముతో పడవను మళ్లీ ఒక్కణ్ణే ఎత్తలేను. అయిపోయింది. షూర్ గెలిచినట్టే.

మే 13

ఇంగున్ కాఫీ వద్దంది. నేరుగా షెడ్డులోకి వెళ్లింది. నేలమీద మోకాళ్లూని కూర్చుంది. పడవ వాలి ఉంది కాబట్టి అడుగు పలక మొత్తం వెలుతురులో ఉంది. దిమ్మెల మీద నిలబెడితే ఆ పలక ఎవరికీ కనబడదు. నా పనంతా ఉండేది అందులోనే. మధ్యలో వెడల్పుగా పడుకుని, ముక్కు దగ్గరికి వచ్చేసరికి మెలి తిరిగి లేచి నిలబడుతుంది. ఆమె చెయ్యి ఆ మెలి వెంట ఆ చివరి దాకా పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

షూర్ ఫొటోల్లో రంగు, జెండా, కొండలు బాగున్నాయట. అడుగు కనబడలేదట. మీరు ఇది చూపించడానికే వాల్చారా అంది.

అవును అనబోయాను. వాఫిల్స్ పళ్లెం పట్టుకుని వదిన వచ్చింది. మొత్తం చెప్పేసింది. రసమట్టం, తోళ్లు, మొదట ఎడమకు వాల్చడం, నడుము. అన్నీ. ఇంగున్ కళ్లు తుడుచుకుంటూ దుంగ మీద కూలబడింది. నాకు ఒళ్లు మండింది. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. నవ్వితే నడుము ఇంకా నొప్పి.

మాట ఏమీ ఇవ్వలేదు. కమిటీ ఉందట. వెళ్లేముందు అడుగు పలకను ఫొటో తీయబోయింది. ఫోన్ నిలువుగా పట్టుకుంది. అడ్డంగా పట్టుకో అమ్మాయ్, మీట కుడి చేతి కిందికి రావాలి అని చెప్పాను.

మే 20

కాగితం వచ్చింది. నా పడవే. మూడుసార్లు చదివాను.

సాయంత్రం షూర్ వచ్చాడు, తన పంది పడవలో. పడవను ఎత్తడానికి సాయం పట్టాడు. ఎత్తేముందు అడుగు పలక మీద చెయ్యి పెట్టి ఊఁ అన్నాడు. వాడి నోట్లోంచి అంతకంటే పొగడ్త రాదు. బ్రాందీ పోశాను. రెండోసారి కూడా పోశాను.

సెప్టెంబర్ 5

మొదటి రోజు. ఆరుగురు. నలుగురు ఆడపిల్లలే. పలక మెలి తప్పింది. అరిచాను. నవ్వారు. విప్పి మళ్లీ వేశారు. నాలుగోసారికి ఒక పిల్ల కొలకర్ర పక్కన పడేసి, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి, ఇక్కడ ఇంకాస్త వంగాలి కదా అంది.

అరిచి అరిచి గొంతు పోయింది. రేపటికి వస్తుందిలే.