ఆ కుర్చీల మీద నీళ్లు పోసింది నేనే

పాల్వంచ నుంచి

పెద్దన్నకూ వదినకూ దండాలు. నేనూ, బిడ్డ జయమ్మా ఇక్కడ బాగానే ఉన్నాం. నీ మోకాలు ఎట్లా ఉంది? వదినకు దగ్గు తగ్గిందా? నేను చెబుతుంటే జయమ్మ రాస్తోంది. ఫోన్లో అయితే సగం విని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు. చదివి వినిపించే కోడలికి చెప్పు, మధ్యలో ఆపొద్దని.

మన ఊరి సోమయ్య బస్సు దిగీ దిగకముందే, "మీ చెల్లె ఒకాయన కారు ఖరాబ్ జేసింది, షెడ్డుల కెల్లి ఎల్లగొట్టిండ్రు" అని నీకు చెప్పాడట. నువ్వు ఆదివారం వచ్చి నన్ను ఊరికి తీసుకుపోతానన్నావట, మూట కట్టుకొమ్మన్నావట. సోమయ్య చూసింది కొంత, చెప్పింది ఇంకొంత. జరిగింది నేను చెబుతాను. విన్నాక నన్ను తీసుకుపోవాలో వద్దో ఆలోచించుకో.

మా కిరాయి గది పక్కనే ఖాదర్ మిస్త్రీ షెడ్డు ఉంది. కార్లకు కరెంటు పని చేస్తాడు. జయమ్మ పొద్దున్నే డ్యూటీకి పోతే చీకటి పడేదాకా ఇంట్లో మాట్లాడే మనిషి ఉండదు. గోడలతో ఎంతసేపు మాట్లాడతాను? షెడ్డులో కూర్చొని, పాత కార్ల నుంచి పీకిన వైర్లు వలవడం మొదలుపెట్టాను. చింతపండు ఈనెలు తీసిన చేతులకు అదేం పెద్ద పని కాదు.

రాజయ్య అని, కొత్తగూడెం బొగ్గుబాయిలో చేసి రిటైరైన పెద్దాయన. నడుముకు ఆపరేషన్ అయింది. తెల్ల అంబాసిడర్ ఒకటుంది, వయసులో ఉన్నప్పుడు కొన్నది. దాని ముందు సీటు బల్లలాగా పొడుగ్గా ఒకటే. ఎక్కితే దిగలేడు, దిగితే ఎక్కలేడు. కొత్త కారు కొనమని కొడుకులు చెబితే వినడు. ఆ బల్ల తీసేసి, బటన్ నొక్కితే ముందుకూ వెనక్కూ పైకీ కిందికీ కదిలే సీట్లు పెట్టమని ఖాదర్ దగ్గరికి వచ్చాడు. ఖాదర్ ఖమ్మం పోయి, నుజ్జయిన ఒక పెద్ద కారులోంచి పీకిన రెండు సీట్లు తెచ్చాడు. నల్లతోలువి. అడుగున మోటార్లు, కోడిపేగుల్లాగా వైర్లు.

నేను ఒకటే అడిగాను. "వీటి మీద ఎవలన్నా సచ్చిండ్రా ఖాదరూ?"

"ఏమో అవ్వా. పాత సామాన్ల దుకాణంల గట్లడిగితే సీట్లే ఇయ్యరు."

ఆ సాయంత్రమే అతను మధిరలో చెల్లెలి ఇంటికి పోయాడు, మూడు రోజులకని. అన్నా, మన ఇంట్లో మనిషి పోతే ఆ మంచాన్ని ఏం చేస్తాం? తిరగేసి, పసుపునీళ్లు పోసి, మూడు పొద్దులు ఎండలో పెట్టాకే మళ్లీ మనిషిని పడుకోనిస్తాం. అమ్మ మంచం తిరగేసింది నువ్వే. నేనూ అదే చేశాను. రెండు సీట్లూ తలకిందులు చేసి బకెట్ పసుపునీళ్లు పోశాను. మొదటి దాని మీద ఎక్కువ పడ్డాయి. తోలు ఎండింది. నాకు కనిపించింది తోలే.

ఖాదర్ వచ్చి పని మొదలుపెట్టాడు. ఆ సీట్ల బోల్టులు పాత కారు చిల్లులకు కలవవు, ఇనుప పట్టీలు వెల్డింగ్ చేశాడు. పాత కారు వైర్లు సన్నం, ఈ మోటార్లను వాటికి కలిపితే కాలిపోతాయట. అందుకని బ్యాటరీ నుంచే లావు ఎర్ర వైరు ఫ్యూజు మీదుగా తెచ్చాడు. నల్ల వైరును కారు అడుగు రేకుకు బిగించాడు. బిగించే ముందు రేకు మీది రంగును గీకి గీకి ఇనుము తేల్చాడు. చక్కటి పని.

బటన్ నొక్కితే పక్క సీటు కదిలింది. డ్రైవర్ సీటు టక్కుమని ఆగింది. స్విచ్ మార్చాడు, టక్కు. మోటారుకు కరెంటు అందించే రిలే డబ్బీ మార్చాడు, టక్కు. రెండు రోజులు అదే. రాజయ్య రోజూ ఆటోలో వచ్చి నిలబడేవాడు. "ఏంది మిస్త్రీ, నేను పోయినంక నడుస్తదా గిది?"

నేను వైర్లు వలుస్తూ కూర్చున్నాను. నాకు అనుమానం వచ్చింది, అయినా నోరు తెరవలేదు. రెండో రోజు ఖాదర్ తన పనినే నమ్మలేక, బాగా బిగించిన జాయింట్లన్నీ ఊడబీకడం మొదలుపెట్టాడు. అది చూడలేకపోయాను.

"ఖాదరూ, దాని మీద నీళ్లు పోసిన."

"ఎన్నడు?"

"నువ్వు మధిర పోయిననాడు."

"ఎన్ని?"

"బకెట్. పసుపు గలిపి."

రాజయ్య గొంతు పెంచాడు. "గీ ముసల్దాన్ని తీసెయ్ మిస్త్రీ! రేపు ఇంజన్ల గూడ పోస్తది తీర్థం!" సరిగ్గా అప్పుడే మన సోమయ్య నన్ను చూసిపోదామని వచ్చి గుమ్మంలో ఉన్నాడు. ఆ మాట విన్నాడు, బస్సుకు టైమైందని పోయాడు. మిగతాది అతను చూడలేదు.

నేను లేచి నిలబడ్డాను. "తీసేస్తే తియ్యుండ్రి. ఖరాబ్ జేసింది నేను. బాగైనంక పోత."

ఖాదర్ చేతిలోని పానా కింద పెట్టాడు. ఖమ్మం దుకాణానికి ఫోన్ చేశాడు. పెట్టేసి, "ఆగి ఉన్న కారు మీద చెట్టు పడ్డదట అవ్వా. లోపల పిట్ట గూడ లేదట" అన్నాడు.

"గా మాట ముందుగాల అడిగి చెప్తే నీ సీటు తడవకపోవు గదా!" అన్నాను.

సీటు ఊడదీసి బోర్లా వేశాం. వైర్లు కలిసే చోట లోపలంతా పచ్చగా చిలుము పట్టింది. పెట్రోలు, బ్రష్షు, సూది పట్టుకొని ఒక్కొక్క పిన్ను గీకాను. అంత సన్నవి కళ్లకు ఆనవు, వేళ్లకు తెలుస్తుంది. విరిగిన రెండు పిన్నులు ఖాదర్ మార్చాడు. మధ్యాహ్నం దాకా ఎండబెట్టి బిగించాడు. నొక్కితే టక్కుమనలేదు. గుర్రుమని కదిలింది.

రాజయ్య కూర్చున్నాడు. సీటు వెనక్కు పోయింది, పైకి లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కాలు బయట పెట్టాడు. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ దిగాడు. బ్యాటరీ దిగుతుందని ఖాదర్ అరిచేదాకా అదే పని. పోతూ పోతూ నన్ను చూసి, "నా నడుముకు గూడ గింత పసుపు రాయరాదు అవ్వా?" అన్నాడు. తీసెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఖాదర్ నాతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. పాత సామాను ఏది తెచ్చినా, దాంట్లో మనిషి పోయాడా లేదా అని దుకాణంలో ముందు తనే అడుగుతాడు. పోయి ఉంటే నేను దాన్ని తిరగేసుకోవచ్చు, ఎండబెట్టుకోవచ్చు. నీళ్లు మాత్రం బంద్.

కాబట్టి అన్నా, నా తప్పులు రెండు. అడగకుండా పోశాను. రెండు రోజులు నోరు మూసుకున్నాను. తిరగేయడం తప్పు కాదు. ఎవరైనా అడిగితే నువ్వు ఇట్లాగే చెప్పు. సోమయ్యకు కూడా చెప్పు, వాడి ముఖం మీదే.

ఇక్కడ ఎండ మండుతోంది. కూరలకు రుచి లేదు. ఎండు ఇప్పపువ్వు కొంచెం, మన చేని కందిపప్పు కొంచెం వదినతో కట్టించి పంపు. సాయంత్రాలు మీరంతా గుర్తొస్తారు. అయినా నేను రాను. ఆదివారం నువ్వు చూడటానికి రా, కోడికూర వండుతాను. నాకోసం బస్సులో సీటు మాత్రం ఆపకు.

ఊళ్లో పెద్దలందరికీ నా దండాలు. చిన్నపిల్లలకు దీవెనలు. నన్ను చల్లగా ఉండమని దీవించు.

చెల్లెలు ముత్తమ్మ చెప్పగా రాసింది జయమ్మ. కింద ఉన్నది నా వేలిముద్ర. సిరా డబ్బా లేదు, బొటనవేలికి ఉన్న గ్రీజే సరిపోయింది.